సంతానం కోసం వఖ్ఫ్ - ఆడపిల్లల హక్కు

కష్టపడి కట్టుకున్న ఇల్లు, కొనుక్కున్న పొలం మన తర్వాత ఏమవుతాయోనన్న చింత ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఒక కొడుకు అప్పుల పాలై అమ్మేస్తే మనవలకు నిలువ నీడ ఉండదేమోనని పెద్దలు భయపడతారు. ఈ ఆలోచన తప్పు కాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిని దానం చేయదలచినప్పుడు, దైవప్రవక్త (సఅసం) మూడో వంతుకు మించి అనుమతించలేదు. వారసులను ఇతరుల ముందు చేయిచాపే స్థితిలో కాక, కలిగినవారిగా వదలి వెళ్ళడమే మేలని బోధించారు.

దీనికి షరీఅత్‌లో ఉన్న ఒక మార్గం 'వఖ్ఫ్ అలల్ ఔలాద్', అంటే సంతానం కోసం చేసే వఖ్ఫ్. అసలు ఆస్తిని అమ్మరాదు, బహూకరించరాదు, వారసత్వంగా పంచుకోరాదు. దాని ఆదాయాన్ని, నివాస సౌకర్యాన్ని మాత్రం సంతానం తరతరాలుగా అనుభవించవచ్చు. వంశం అంతరిస్తే అది నిరుపేదలకు చెందుతుంది.

సహాబాల ఆచరణ

హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తనకు లభించిన భూమి గురించి దైవప్రవక్త (సఅసం)ను సంప్రదించి దాన్ని వఖ్ఫ్ చేశారు. పేదలతో పాటు బంధువులకు, బాటసారులకు, అతిథులకు అందులో భాగం కల్పించారు. షరతులన్నీ రాయించారు. తన తర్వాత పర్యవేక్షణను కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించారు.

హజ్రత్ జుబైర్ (రజి) తన ఇళ్ళను వఖ్ఫ్ చేస్తూ, భర్త నుండి విడిపోయి పుట్టింటికి తిరిగి వచ్చిన కుమార్తె వాటిలో ఉండవచ్చని షరతు పెట్టారు. గమనించండి! ఈ ఇద్దరి వఖ్ఫ్‌లలోనూ ఆడపిల్లకు గౌరవప్రదమైన స్థానం ఉంది.

మన దేశంలో

1894లో ప్రీవీ కౌన్సిల్, పేదలకు దక్కే భాగం నామమాత్రమంటూ ఒక కుటుంబ వఖ్ఫ్ చెల్లదని తీర్పు చెప్పింది. దీనికి వ్యతిరేకంగా మౌలానా షిబ్లీ నోమానీ తదితరులు కృషి చేశారు. ఫలితంగా 1913లో ఇలాంటి వఖ్ఫ్‌లను ధ్రువీకరిస్తూ చట్టం వచ్చింది. ఇక 2025 నాటి సవరణ చట్టం ప్రకారం రాతపూర్వక వఖ్ఫ్‌నామా తప్పనిసరి. సంతానం కోసం చేసే వఖ్ఫ్ వల్ల స్త్రీలతో సహా ఏ వారసుల హక్కూ పోకూడదు.

సంకల్పమే ముఖ్యం

కొందరు అల్లుళ్ళకు ఆస్తి పోకూడదని కొడుకుల పేరనే వఖ్ఫ్‌నామా రాయించాలని చూస్తారు. సూరె నిసాలో అల్లాహ్ స్వయంగా కుమార్తెలకు వాటా నిర్ణయించాడు. ఆ వాటాను ఎగ్గొట్టడానికి వఖ్ఫ్‌ను సాకుగా వాడుకుంటే అది పుణ్యకార్యమెలా అవుతుంది? ఒక సహాబీ తన పిల్లల్లో ఒక్కరికే కానుక ఇచ్చి సాక్ష్యం కోరినప్పుడు, దైవప్రవక్త (సఅసం) అన్యాయానికి సాక్షిగా ఉండనని నిరాకరించారు.

కాబట్టి వఖ్ఫ్ చేయదలచినవారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయాలి. మరణశయ్యపై చేసే వఖ్ఫ్‌కు మూడో వంతు పరిమితి వర్తిస్తుంది. ముందు అప్పులు తీర్చాలి. కుమార్తెల హక్కును స్పష్టంగా రాయించాలి. నిజాయితీపరుణ్ణి ముతవల్లీగా నియమించాలి. ఒకసారి చేసిన వఖ్ఫ్‌ను వెనక్కి తీసుకోలేం గనుక ముఫ్తీ గారినీ, న్యాయవాదినీ సంప్రదించాకే సంతకం పెట్టాలి.

మన సంపదను మన సంతానానికి నీడగా, మనకు సదఖా జారియాగా అల్లాహ్ మలచుగాక! ఆమీన్.