ఉప్పు పోశాం, క్లోరిన్ పోలేదు

ప్రశ్న: సిడ్నీ పశ్చిమాన పూల్ ఉన్న ఇల్లు కొనుక్కున్నాం. క్లోరిన్ ఘాటు, పిల్లల కళ్ళ మంటలు భరించలేక సాల్ట్ సిస్టమ్‌కి మార్పించాం. 'ఇక క్లోరిన్ ఊసే ఉండదు, పదేళ్ళు చేయి పెట్టక్కర్లేదు' అన్నాడు అమ్మినాయన. పద్నాలుగు నెలలకే ఆ సిస్టమ్‌లోని సెల్ పోయింది. పూల్ అంచున పరిచిన సాండ్‌స్టోన్ పొరలు పొరలుగా రాలుతోంది. అడిగితే, వారంటీ ఏడాదేనట, అది అయిపోయిందట, తయారుచేసిన కంపెనీకి రాసుకోమంటున్నారు. ఇది చాలదన్నట్టు రాత్రిళ్ళు పంపు మోత మోగుతోందని పక్కింటివాళ్ళు గొడవ. మాకు ఏమైనా దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. అయితే దారి చూపేముందు ఒక భ్రమ తొలగించాలి, ఎందుకంటే మీ కేసు బలమంతా అక్కడే ఉంది.

ఉప్పునీటి పూల్ అంటే క్లోరిన్ లేని పూల్ కాదు. మామూలుగా మనం డబ్బాలో కొనితెచ్చి పోసే క్లోరిన్‌ని అక్కడే, మీ ఇంట్లోనే తయారుచేసుకునే పూల్. నీళ్ళలో కరిగిన ఉప్పు సెల్‌లోని టైటానియం పలకల మధ్యనుంచి పోతుంటే కరెంటు దాన్ని విడగొట్టి క్లోరిన్ పుట్టిస్తుంది. లీటరుకు నాలుగైదు గ్రాముల ఉప్పు, మజ్జిగలో వేసుకునేపాటి. సముద్రంలో అది సుమారు 35 గ్రాములు. 50,000 లీటర్ల పూల్‌కి లీటరుకు నాలుగు గ్రాముల లెక్కన 200 కిలోలు, అంటే 20 కిలోల సంచులు పది. పైగా ఈ పద్ధతిలో నీటి పీహెచ్ పెరుగుతూ ఉంటుంది కనుక మధ్యమధ్య యాసిడ్ పోయక తప్పదు. కళ్ళ మంటకు కారణం కూడా చాలాసార్లు ఉత్త క్లోరిన్ కాదు, చెమటతోనూ ఇంకా పిల్లలు ఒప్పుకోని మరొకదానితోనూ కలిసిన క్లోరిన్.

కాబట్టి 'క్లోరిన్ ఊసే ఉండదు', 'చేయి పెట్టక్కర్లేదు' అన్న రెండు మాటలూ అబద్ధాలు. అమ్మేవాడు వస్తువు గురించి తప్పుడు మాట చెప్పి అమ్మితే ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా దాన్ని వదలదు. 2011 జనవరి 1 నుంచి దేశమంతటా ఈ చట్టం ఒకటే. 2021 జూలై 1 నుంచి లక్ష డాలర్ల దాకా ఖరీదైన ఏ వస్తువుకైనా, సేవకైనా దీని రక్షణ ఉంది. అంతకు మించినా, ఇంటి అవసరాలకు సాధారణంగా కొనే రకమైతే వర్తిస్తుంది. వస్తువు నాణ్యంగా ఉండాలి, మీరు చెప్పిన అవసరానికి పనికి రావాలి, బిగించే పని జాగ్రత్తగా, నేర్పుగా జరగాలి. ఇవి చట్టం ఇచ్చిన హామీలు. కంపెనీ రాసిచ్చే వారంటీ కార్డు వాటిమీద అదనం తప్ప వాటికి బదులు కాదు.

'వారంటీ అయిపోయింది' అన్న మాటతో మన వాళ్ళు చాలామంది వెనక్కి వచ్చేస్తారు. రానక్కర్లేదు. 2013లో హెచ్‌పీ సంస్థకు ఫెడరల్ కోర్టు 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కొనుగోలుదార్ల హక్కులు కంపెనీ వారంటీ గడువుతోనే ముగుస్తాయన్నట్టు చెప్పడం ఆ కేసులోని తప్పుల్లో ఒకటి. చట్టం అడిగేది వేరు: ఇంత డబ్బు పెట్టిన మనిషి ఈ వస్తువు ఎంతకాలం పనిచేస్తుందని న్యాయంగా ఆశిస్తాడు? పదేళ్ళు అని అమ్మినవాడే చెప్పాక, పద్నాలుగు నెలలకే పోవడాన్ని అతను ఎలా సమర్థించుకుంటాడో చూడాలి. ఆ పదేళ్ళ మాట కూడా వారంటీ కిందకే వస్తుంది. నోటిమాటైనా సరే. నోటిమాటను రుజువు చేయడమే కష్టం. వాట్సాప్ సందేశాలు, కొటేషన్, అతని ప్రకటన ఫోటో, ఏవి దొరికినా దాచిపెట్టండి.

'తయారీదారుకు రాసుకోండి' అన్నదీ చెల్లదు. సొమ్ము తీసుకున్నవాడే మొదటి జవాబుదారీ. లోపం పెద్దదైతే రిఫండో, మార్పిడో ఎంచుకునే హక్కు మీది. చిన్నదైతే బాగుచేసే అవకాశం ముందు అతనికి ఇవ్వాలి. సాండ్‌స్టోన్ సంగతి దీనికి కాస్త భిన్నం. ఉప్పు మెత్తటి రాయిని తినేస్తుందని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలిసిన విషయమే, కనుక చెప్పకుండా బిగించినందుకు నష్టం అడగొచ్చు. కానీ రాయి వయసు మీరి రాలిందనో, యాసిడ్ చిందించి పాడుచేశారనో అతను వాదిస్తాడు. రాతిపని తెలిసిన వేరొకరితో రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

ఇక్కడ మీకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది: యాసిడ్ సరిగ్గా పోశారా? పీహెచ్ పెరిగి పలకలమీద సున్నం పేరుకుంటే సెల్ త్వరగా చస్తుంది, ఆ తప్పు మీమీదే వేస్తారు. పూల్ షాపులో నీళ్ళు పరీక్ష చేయించినప్పుడల్లా తేదీ వేసిన కాగితం ఇస్తారు చూడండి, అవి ఎన్ని ఉంటే మీకు అంత బలం. లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. ఇక సెల్‌ని నడిపే కంట్రోలర్ నేరుగా ఇంటి వైరింగ్‌కి బిగించినదైతే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి. అది మీ దగ్గర లేదంటే అదీ అడగండి. నీళ్ళూ కరెంటూ కలిసేచోట ఇది ఊరికే కాగితం పని కాదు.

ముందు అమ్మినవాడికి ఈమెయిల్ రాయండి: ఏం కొన్నారు, ఏం చెప్పాడు, ఏం పోయింది, ఏం కావాలి, ఏ తేదీలోగా. ఫోన్లో మాట్లాడినా తర్వాత దాన్నే రెండు వాక్యాల్లో రాసి పంపండి. స్పందించకపోతే న్యూ సౌత్ వేల్స్ ఫెయిర్ ట్రేడింగ్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అక్కడా కుదరకపోతే ఎన్‌క్యాట్ ట్రైబ్యునల్. మామూలుగా లాయరు లేకుండానే మీ కేసు మీరే చెప్పుకుంటారు, చాలా కేసుల్లో ముందు రాజీకి కూర్చోబెడతారు. హక్కు ఏర్పడినప్పటినుంచి మూడేళ్ళలోగా వెళ్ళాలి. విక్టోరియాలో వీక్యాట్, క్వీన్స్‌ల్యాండ్‌లో క్యూక్యాట్. ఇంగ్లీషు ఇబ్బందైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగండి.

ఇంటికి పూల్ పని చేయించేవాళ్ళు మరిచేది కంచె. ఉప్పుకు మార్చినా కంచె నియమాలు మారవు, కానీ కొత్త పరికరాల పెట్టె గానీ, ఆ పది ఉప్పు సంచుల దొంతర గానీ కంచె పక్కన పెడితే పసిపిల్లలకు మెట్టు తయారవుతుంది. మామూలు కంచె 1.2 మీటర్ల ఎత్తు ఉండాలి, ఎక్కడానికి అనువైనవేవీ దానికి 900 మిల్లీమీటర్ల లోపల ఉండకూడదు. న్యూ సౌత్ వేల్స్‌లో 2016 ఏప్రిల్ 29 నుంచి పూల్ ఉన్న ఇంటి అమ్మకానికీ, అద్దెకూ కంచె నియమాల సర్టిఫికెట్లు కావాలి. మీరు కొన్నప్పుడు నియమాలకు లోబడలేదన్న సర్టిఫికెట్‌తో కొని ఉంటే సెటిల్‌మెంట్ తర్వాత 90 రోజుల్లో సరిచేయాల్సింది మీరే.

ఇక పక్కింటివాళ్ళు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ఉప్పు సిస్టమ్‌కి పంపు గంటలు ఎక్కువ నడవాలి, కరెంటు చవగ్గా దొరుకుతుందని చాలామంది రాత్రి నడుపుతారు. న్యూ సౌత్ వేల్స్‌లో రాత్రి 8 నుంచి ఉదయం 7 దాకా, ఆదివారాలూ పబ్లిక్ హాలిడేలైతే 8 దాకా, ఆ మోత పక్కింటి గదుల్లోకి వినబడకూడదు. టైమర్‌ని పగటికి తిప్పండి. క్లోరిన్‌ని ఎండే ఎక్కువగా కాజేస్తుంది కనుక పగలు నడపడమే పూల్‌కీ మంచిది. ఫిల్టర్ కడిగిన ఉప్పునీళ్ళు మాత్రం వీధి వానకాలువలోకి వదలకండి, మురుగు లైనుకే వెళ్ళాలి. అది వాగులో కలిసిందా, కాలుష్య చట్టం కింద మీరు జవాబు చెప్పుకోవాలి, ఈసారి అమ్మినవాడి పేరు చెప్పి తప్పించుకోవడానికి వీలుండదు.