కొండమీది ఊట – మన బాధ్యత

పాఠ్యభాగము: ఆదికాండము 26:1, 12–33



పేరేసంద్రలో బస్సెక్కి బెంగుళూరు వైపు వెళ్లునప్పుడు, చిక్కబళ్లాపురము దాటగానే కుడిప్రక్కన నంది కొండ కనబడును. 1,478 మీటర్ల ఎత్తుగల ఆ కొండపైనున్న ఉద్యానవనములో అమృత సరోవరమను మెట్ల కొలను కలదు. దానికి ఆధారము ఊటనీరు. పూర్వులు ఆ నీటిని ఎంత పవిత్రముగా ఎంచిరో పేరే చెప్పుచున్నది.

ఈ కొండపై టిప్పు సుల్తాను వేసవి విడిది కలదు. తరువాత కమిషనర్ మార్క్ కబ్బన్ దొరగారు బంగళా కట్టించుకొనిరి. 1927లో గాంధీగారు ఆరోగ్యము కొరకు ఇక్కడ బస చేసిరి. నీరు లేనిదే కొండపై ఎవరు నిలువగలరు? వచ్చినవారందరు వెళ్లిపోయిరి, ఊట మిగిలెను.

మనకు మరియొక సంబంధము కలదు. పెన్నానది ఈ నంది కొండల వరుసలోనే పుట్టి, అనంతపురము, కడప సీమలగుండ 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు దాటి సముద్రములో కలియును. 1840లో శామ్యూల్ డే దొరగారు బాప్టిస్టు సేవను నెలకొల్పినది ఆ నెల్లూరులోనే. మన పితరులు త్రాగిన నదికి తల్లిగారిల్లు ఈ కొండలే.

అయితే నేడు కొండ దిగువన గ్రామములలో ఎన్నో బావులు ఎండిపోయినవి. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినను, అనేకచోట్ల వచ్చునది ఫ్లోరైడు నీరు. చెట్లున్న నేల వాననీటిని పట్టి, రాతి సందులగుండ మెల్లగా దిగనిచ్చును. చెట్లు నరికి, చెరువులు పూడ్చినచో వాన పడినను నీరు నిలువదు.

ఇస్సాకు కూడ కరవువలన గెరారుకు వెళ్లిన పరవాసియే. మన్నుతో పూడ్చబడిన తండ్రి బావులను అతడు మరల త్రవ్వించి, పాత పేర్లే పెట్టెను. ఏశెకు, శిత్నా బావుల యొద్ద జగడము వచ్చినప్పుడు పోరాడక ముందుకు సాగెను. రహెబోతులో స్థలము దొరికెను. పరదేశములో స్థిరపడిన మనకు ఇది పాఠము: ఉన్నచోట నీటిని కాపాడుము, పొరుగువానితో సమాధానముగా పంచుకొనుము. ఆ ఊటను ఇతరులు మరియొక పేరుతో గౌరవించినను, దాహము అందరిది ఒక్కటే.

చర్చించుటకు ప్రశ్నలు:
1. మీ ఊరి పాత బావి పేరేమి? అది ఇప్పుడేమైనది?
2. మన మందిరపు కప్పుపై పడిన వాననీరు ఎక్కడికి పోవుచున్నది?
3. ఈ వేసవిలోగా మన సంఘము ఏ బావిని పూడిక తీయగలదు?