మటన్‌కి రెడ్ వైన్, పెరుగన్నానికి చిన్న రసాలు

ప్రశ్న: ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి సెలవులకొస్తూ బోర్డో రెడ్ వైన్ తెచ్చాడు. ఆదివారం వియ్యాలవారు భోజనానికి వస్తున్నారు. మటన్ కూర, ఆఖర్న మా తోట చిన్న రసాలు. వైన్ పండ్లతో ఇవ్వచ్చా?
– పాఠకురాలు, నూజివీడు

జవాబు: పండ్లతో మాత్రం వద్దమ్మా. రసాల తీపి నోట్లో ఉండగా తాగితే వైన్ పుల్లగా, చేదుగా తేలిపోతుంది. బోర్డో రెడ్‌కి ఎక్కువగా వాడేది కబెర్నే సావిన్యో, మెర్లో ద్రాక్షలు. వాటి తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ వల్ల, పచ్చి జామకాయ కొరికినట్టు నాలుక వగరెక్కుతుంది. మాంసంలోని కొవ్వు ఆ వగరును దించుతుంది. కాబట్టి మటన్‌తోనే ఇవ్వండి. అయితే మన కారానికి వైన్ మంట తోడైతే ఏ రుచీ తెలీదు. ఆ ఒక్కరోజు కారం సగానికి తగ్గించి ధనియాలు, లవంగాలు, మిరియాలతో కూర వండండి.

రెడ్ వైన్‌ని గది వేడిమిలోనే ఇవ్వాలంటారు. అది చలిదేశపు గది! కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మన ఇళ్లలో వదిలేస్తే స్పిరిట్ వాసన తప్ప ఇంకేమీ తెలీదు. బకెట్‌లో ఐసు, నీళ్లు కలిపి సీసాను పావుగంట ఉంచండి. గ్లాసులో మాత్రం ఐసు వేయొద్దు. మూడో వంతు పోసి, గ్లాసు మెల్లగా తిప్పి, వాసన చూశాక చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనివ్వమనండి. తాగనివాళ్లను బలవంతపెట్టకండి.

ప్రశ్న: మాగబెట్టిన రసాలు కొన్ని పైకి పసుపుగా ఉన్నా లోపల పులుపే. ఎందుకని?
– పాఠకుడు, ఆగిరిపల్లి

జవాబు: ముదరకముందే కోశారు. ముచ్చిక చుట్టూ గుంటపడి, రెండు పక్కలా భుజాలు లేచాకే కోయాలి. తర్వాత వరిగడ్డిలో వేస్తే అవే మాగుతాయి. ఎవరెంత తొందరపెట్టినా కార్బైడ్ జోలికి పోకండి. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి, చట్టం కూడా నిషేధించింది.

వడ్డించే ముందు పండ్లను గంటసేపు నీళ్లలో వేయండి. ఫ్రిజ్‌లో పెడితే వాసన చచ్చిపోతుంది. రెండు చేతులతో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క సొన పిండేసి, అప్పుడు చీకాలి. దీనికి తోడు గడ్డపెరుగు కలిపిన అన్నమే. పళ్లు లేని పెద్దలకు రసం పిండి, పీచు వడగట్టి, వేడి మినపగారెలతో ఇవ్వండి.