భూపటలమందలి భ్రంశములు – వాని భేదములు

విద్యార్థులారా! బీబీపేట నుండి కామారెడ్డికి గాని యెల్లారెడ్డి వైపునకు గాని పోవు వారికి గ్రానైటు గుట్టలును, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్రాళ్లును కనబడుచుండును. ఈ శిలలు సుమారు 250 కోట్ల యేండ్ల నాటివి. వానియందు నిలువుగను అడ్డముగను పెక్కు చీలికలు కలవు. వానిని జూచి యిచట నెన్నడో భూకంపము వచ్చి నేల బ్రద్దలైనదని కొందఱు తలంతురు. అట్లు తలంచుటకు ముందు పగులునకును భ్రంశమునకును గల భేదము నెఱుగవలయును.

శిల చీలి, రెండు భాగములును ఉన్న చోటనే యుండినచో నది పగులు. చీలిన పిమ్మట ఒక భాగము రెండవదాని నొరసికొనుచు జరిగినచో నది భ్రంశము. మన గుట్టలలోని చీలికలు చాలవఱకు మొదటి తెగకు జెందినవి. భూగర్భమున లోతున గట్టిపడిన శిల, పైనున్న బరువు తొలగిన కొలది వ్యాకోచించి పగులును. అట్టి పగుళ్లలో వర్షజలము దిగి నిలుచుట చేతనే మన బావులలో ఊట కలుగుచున్నది. ఇక భ్రంశమును గుర్తించు నుపాయ మేదనగా, శిలలోని తెల్లని పలుగురాతి గీత చీలిక కడ తెగి, ఆవలి ప్రక్క కొంత తొలగి మరల కనబడినచో, అచట శిల జరిగినదని యూహింపవచ్చును.

భ్రంశములు ముఖ్యముగా మూడు విధములు. వీని నెఱుగుటకు సులభమైన ప్రయోగ మొకటి కలదు. ఎఱ్ఱమట్టిని నల్లరేగడిని మార్చి మార్చి పొరలుగా పఱచి, పచ్చి యిటుకవలె చేయుడు. కొంచె మాఱిన పిదప కత్తితో ఏటవాలుగా కోయుడు. కోతమీదికి ఒరగి యుండు ముక్కను పైకుడ్యమనియు, క్రింద ఆధారముగా నుండు ముక్కను పాదకుడ్యమనియు అందము.

మొదటిది సాధారణ భ్రంశము. రెండు ముక్కలను ఇరువైపులకు లాగినచో పైకుడ్యము క్రిందికి జారును. ఇట్టి భ్రంశములు రెండు ఎదురెదురుగా నుండినచో నడిమి భాగము క్రుంగి పగులులోయ యగును. మన గోదావరి లోయ యిట్లేర్పడినదే. అందు 25 కోట్ల యేండ్లకు పైబడిన కాలమున పేరుకొనిన వృక్షజాలము, ఇసుక, ఒండ్రుమట్టి క్రుంగిన నేలలో భద్రముగా నిలిచి బొగ్గు పొరలైనవి. 1871 లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు కడ ఈ బొగ్గును కనుగొనెను. సింగరేణి గనులకు మూల మదియే. గనిలో బొగ్గుపొర హఠాత్తుగా తెగి రాతిగోడ యెదురైనచో, ఆ భ్రంశ మేజాతిదో, ఎటు వాలినదో చూచియే పొర పైన నున్నదో క్రింద నున్నదో నిర్ణయింతురు.

రెండవది విలోమ భ్రంశము. ముక్కలను ఇరువైపుల నుండి నొక్కినచో పైకుడ్యము పాదకుడ్యముపైకి ఎక్కును. వాలు మిక్కిలి తక్కువైనచో పైశిల క్రిందిశిలపై బహుదూరము ప్రాకును. హిమాలయములు ఇట్టి భ్రంశములతో నిండియున్నవి. మనకు పడమట సుమారు 200 కిలోమీటర్ల దూరమున, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి కడ, 1993 సెప్టెంబరు 30 న తెల్లవాఱక మునుపే వచ్చిన భూకంపమునకు కారణము విలోమ భ్రంశమే.

మూడవది పార్శ్వ భ్రంశము. ఇందు శిలలు పైకి గాని క్రిందికి గాని పోక, ఒకదాని ప్రక్కగా నొకటి అడ్డముగా జరుగును. 1906 ఏప్రిల్ 18 న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున కంచెలును బాటలును తెగి, కొన్నియెడల 20 అడుగుల వఱకు ప్రక్కకు తొలగెను. 1967 డిసెంబరు 11 నాటి కోయనా భూకంపమును ఈ తెగలోనిదే. జారుటయు, ప్రక్కకు జరుగుటయు కలిసియుండు మిశ్రభ్రంశములును కలవు.

శిలలు జరిగిన మాత్రమున భూమి యేల కంపించును? వెదురుబద్దను మెల్లగా వంచినచో కొంతసేపు ఓర్చి, పిమ్మట ఫెళ్లున విఱుగును. భ్రంశమున కిరువైపుల శిలలును ఒరపిడిచే పట్టుకొనియుండి, అనేక సంవత్సరముల ఒత్తిడిని దాచుకొని, పట్టు వీడినంతనే ఒక్కసారి జాఱును. 1906 నాటి విపత్తును పరిశీలించి హారీ ఫీల్డింగ్ రీడ్ 1910 లో ఈ సిద్ధాంతమును ప్రకటించెను.

భారతభూఖండము నేటికిని ఉత్తరమునకు జరిగి ఆసియాను నెట్టుచున్నది. ఆ ఒత్తిడి మన దక్కను లోపలను వ్యాపించును. ప్రాచీన భ్రంశములు గల బలహీనస్థలములే దానికి ముందుగా లొంగును. గోదావరి లోయ ప్రాంతమున 1969 ఏప్రిల్ 13 న భద్రాచలము కడ 5.7 పరిమాణముతోను, 2024 డిసెంబరు 4 న ములుగు జిల్లాలో 5.3 పరిమాణముతోను భూమి కంపించెను.

దక్కను పీఠభూమి అచలమని పూర్వము పలువురు నమ్మియుండిరి. కిల్లారి యా నమ్మకమును చెఱిపినది. అచట భ్రంశము నల్లరాతి పొరల క్రింద దాగియుండెను. మృతులు 7000 మందికి మించిరి. వారిని నేల మ్రింగలేదు. బంకమట్టితో పేర్చిన బరువైన రాతిగోడలును, మట్టిమిద్దెలును నిద్రించుచున్న వారిపై కూలినవి. కావున మనము భయపడవలసిన పని లేదు గాని, మన యిండ్లను పరికింపవలసిన పని కలదు. రాతిగోడలో దాని మందమంతటిని పట్టునట్టి పొడుగురాళ్లను నడుమ నడుమ పెట్టుట, ద్వారబంధముల పైభాగమున గోడలన్నిటిని చుట్టి కాంక్రీటు పట్టీ వేయుట, పైకప్పు బరువు తగ్గించుట – ఇవి ప్రాణరక్షణ కుపాయములు. భ్రంశమును కదలకుండ నాపుట మనుష్యునకు సాధ్యము గాదు. గోడను దృఢముగా కట్టుకొనుట సాధ్యము. ఈ పాఠమును మీ యింటి పెద్దలకును వినిపింపుడు.