ఆసుపత్రి డాక్టర్ల గ్రూపును కొన్నప్పుడు: పర్యవేక్షణ ఖర్చు ఎవరిది?



మన ప్రాంతం నుండి అమెరికా వెళ్ళి ఆసుపత్రులలో పనిచేస్తున్న నర్సులు చాలామంది ఉన్నారు. పిల్లల దగ్గరకు వెళ్ళి అక్కడే వైద్యం చేయించుకునే పెద్దవారూ ఉన్నారు. “ఎప్పుడూ చూసే డాక్టరే, అదే గది. బిల్లు మాత్రం పెరిగింది” అనే మాట వారి నోట వింటుంటాము. దీనికి గల ముఖ్య కారణాలలో ఒకటి ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఏమి జరుగుతుంది?

అమెరికాలో పదిమంది, యాభైమంది డాక్టర్లు కలిసి ఒకే సంస్థగా క్లినిక్కులు నడుపుకుంటారు. దీనిని గ్రూప్ ప్రాక్టీసు అంటారు. పెద్ద ఆసుపత్రి ఆ గ్రూపును కొంటే డాక్టర్లు ఆసుపత్రి ఉద్యోగులవుతారు. అప్పటినుండి ఇన్సూరెన్సు కంపెనీతో రేట్లు మాట్లాడేది ఆసుపత్రే. ఊరిలోని డాక్టర్లలో ఎక్కువమంది ఒకే చేతిలో ఉంటే కంపెనీ కాదనలేదు. పైగా ఆసుపత్రి విభాగంగా మారిన క్లినిక్కులో డాక్టరు ఫీజుతోపాటు ఫెసిలిటీ ఫీజు కూడా వేయవచ్చు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఆసుపత్రులు కొన్న తరువాత డాక్టర్ల సేవల ధరలు సగటున 14 శాతం పెరిగాయి.

2. రాష్ట్రం ఎందుకు కలుగజేసుకోవాలి?

పెద్ద కొనుగోళ్ళను ముందుగా కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలనే చట్టం అక్కడ ఉంది. అయితే 2024లో ఆ పరిమితి 11 కోట్ల 95 లక్షల డాలర్లు. డాక్టర్ల గ్రూపుల అమ్మకాలు చాలావరకు అంతకు తక్కువే. కనుక అవి కేంద్రం దృష్టికి రాకుండానే జరిగిపోతాయి. చూడవలసిన బాధ్యత రాష్ట్రాలపై పడుతుంది. చూడటానికి లాయర్లు, ఆర్థికవేత్తలు, బిల్లుల లెక్కలు కావాలి. ఇదంతా ఖర్చే.

3. కొన్న తరువాత చూస్తే: ఐడాహో

నాంపా పట్టణంలో సాల్ట్‌జర్ మెడికల్ గ్రూపు ఉండేది. 2012 చివరిలో సెయింట్ ల్యూక్స్ సంస్థ దానిని తీసుకుంది. దానితో నాంపాలో పెద్దవారిని చూసే ప్రాథమిక వైద్యులలో దాదాపు 80 శాతం ఒకే గొడుగు కిందకు వచ్చారు. 2013లో కేంద్ర వాణిజ్య కమిషన్, ఐడాహో రాష్ట్రం కలిసి కోర్టుకు వెళ్ళాయి. రోగులకు మేలు చేయాలన్న సెయింట్ ల్యూక్స్ ఉద్దేశాన్ని న్యాయమూర్తి మెచ్చుకున్నారు. అయినా ఆ మేలుకు డాక్టర్లను కొననవసరం లేదని, ధరలు పెరిగే ప్రమాదం ఉందని భావించి, 2014 జనవరిలో గ్రూపును విడదీయమని తీర్పు ఇచ్చారు. 2015 ఫిబ్రవరిలో పై కోర్టు దానిని ఖాయం చేసింది.

గెలిచిన రాష్ట్రం తన లాయర్ల ఫీజును ఓడిన పక్షం నుండి రాబట్టుకోవడానికి క్లేటన్ చట్టం వీలు కల్పిస్తుంది. కాని గెలిచేవరకు ఖర్చు భరించవలసింది రాష్ట్రమే. ఓడితే ఆ డబ్బు తిరిగి రాదు. ఇంకొక సంగతి గమనించాలి. విడిపోయిన సాల్ట్‌జర్ తరువాత వేరే యాజమాన్యం చేతికి వెళ్ళింది. దానిని మూసివేయనున్నట్లు 2024 జనవరిలో ఆ యాజమాన్యం ప్రకటించింది. కోర్టు గెలుపు ఒక్కటే క్లినిక్కును నిలబెట్టలేదని దీనివల్ల తెలుస్తుంది.

4. కొనకముందే చూస్తే: మసాచుసెట్స్

ఈ రాష్ట్రం 2012 చట్టంతో హెల్త్ పాలసీ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. పెద్ద వైద్య సంస్థలు కలయికకు 60 రోజుల ముందు కమిషన్‌కు తెలపాలి. అవసరమైతే కమిషన్ లోతుగా పరిశీలించి నివేదిక ఇస్తుంది. ఆపే అధికారం దానికి లేదు. విషయాన్ని అటార్నీ జనరల్‌కు పంపగలదు.

పార్ట్‌నర్స్ హెల్త్‌కేర్ సంస్థ సౌత్ షోర్ ఆసుపత్రిని, హార్బర్ మెడికల్ అసోసియేట్స్ అనే డాక్టర్ల గ్రూపును తీసుకోదలచింది. దీనివల్ల ఏటా 2.3 నుండి 2.6 కోట్ల డాలర్ల వైద్య ఖర్చు అదనంగా పడుతుందని 2014లో కమిషన్ లెక్కకట్టింది. కొన్ని షరతులతో కలయికను అనుమతించే రాజీ కోర్టు ముందుకు రాగా, 2015 జనవరిలో న్యాయమూర్తి తిరస్కరించారు. అలాంటి షరతుల అమలును కోర్టు ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండటం ఎంత కష్టమో ఆ తీర్పులో ఒక ముఖ్యాంశం. తరువాతి నెలలోనే సౌత్ షోర్ ప్రయత్నాన్ని పార్ట్‌నర్స్ విరమించుకుంది.

కమిషన్ ఖర్చును కొన్నేళ్ళుగా ఆసుపత్రులు, ఇన్సూరెన్సు కంపెనీల నుండే రుసుముగా వసూలు చేస్తున్నారు. ఆ రుసుము కూడా చివరకు బిల్లులోనో ప్రీమియంలోనో చేరవచ్చు. కాని జ్వరం ముదిరాక ఐ.సి.యు.లో చేర్చడం కంటే, వార్డులో నాలుగు గంటలకొకసారి టెంపరేచర్ చూడటమే చౌక అని నర్సులకు వేరే చెప్పనవసరం లేదు.

5. చిన్న గ్రూపుల సంగతి: కనెక్టికట్

ఎనిమిదిమంది అంతకంటే ఎక్కువ డాక్టర్లున్న గ్రూపును ఆసుపత్రికి అమ్మాలంటే అనుమతి పొందాలని కనెక్టికట్ 2014లో చట్టం చేసింది. అయితే గీత ఎక్కడ గీసినా దాని కింద కొందరు మిగులుతారు. ఆరుగురి గ్రూపులను ఒక్కొక్కటిగా కొంటూ పోతే ఫలితం ఒక్కటే. గీతను మరీ కిందకు దించితే కాగితాల భారం చిన్న క్లినిక్కుల మీద పడుతుంది.

జ్ఞాపకముంచుకోవలసినవి

* పర్యవేక్షణకు ఖర్చవుతుంది. పర్యవేక్షణ లేకపోయినా ఖర్చవుతుంది, అది రోగి బిల్లులో కనబడుతుంది.
* ముందుగా చూడటం, తరువాత విడదీయడం కంటే తేలిక.
* షరతులు పెట్టి వదిలితే వాటిని కనిపెట్టడానికి ప్రతి సంవత్సరం మనుషులు కావాలి.
* అమెరికాలో క్లినిక్కుకు వెళ్ళేముందు “ఇది ఆసుపత్రి విభాగమా? ఫెసిలిటీ ఫీజు వేస్తారా?” అని ఫోనులో అడిగి తెలుసుకోవాలి.

చర్చించుకొనుటకు

1. పర్యవేక్షణ ఖర్చును పన్నుల నుండి పెట్టాలా, కొనే ఆసుపత్రి నుండి రాబట్టాలా? ఎందుకు?
2. నష్టాలలో ఉన్న క్లినిక్కును ఆసుపత్రి కొనకపోతే మూతపడుతుందంటే, మీరైతే ఏమి నిర్ణయిస్తారు?