అలవాటు పడ్డ చెయ్యి

మా అత్తగారికి ఆరేళ్లు ఇన్సులిన్ ఇచ్చిన చెయ్యి నాది. తెనాలిలో పొద్దున్నే పొయ్యి మీద ఇడ్లీ పెట్టి, ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, అరచేతుల మధ్య దొర్లించి, సిరంజిలో సగం దాకా లాగితే ఆవిడ డోసు. ఇరవై యూనిట్లు. గీతలు చూసే పనే ఉండేది కాదు.

అందుకే నలభై ఒకటో ఏట టెక్సాస్‌లో నర్సింగ్ కోర్సులో చేరి, ఇన్సులిన్ చెక్‌ఆఫ్ (టీచరు ముందు చేసి చూపించే పరీక్ష) రోజున ల్యాబ్‌లో బొమ్మ పేషెంటు ముందు నిలబడితే, మా బ్యాచ్‌లో భయపడనిదాన్ని నేనొక్కదాన్నే. నా ముందు వెళ్లిన పిల్లకి చేతులు వణికాయి. నాకు వణకలేదు. టీచరు ఇరవై యూనిట్లు తీయమంది. చెయ్యి తన అలవాటు చొప్పున సగం దాకా లాగేసింది.

"ఎంత తీశారో గీత చూసి చదవండి" అంది టీచరు.

చదివాను. యాభై.

మన దగ్గర మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి సిరంజీ వేరే. అమెరికాలో మామూలుగా వాడేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. మిల్లీలీటరు సిరంజిలో సగమంటే అక్కడ ఇరవై, ఇక్కడ యాభై. లోపల ఉన్నది ఉప్పునీళ్లు, ఎదురుగా ఉన్నది బొమ్మ కాబట్టి సరిపోయింది. మనిషై ఉంటే, రెండున్నర రెట్ల మందు లోపలికి వెళితే, చక్కెర ఎక్కడికి పడిపోయేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పైగా సూది తీశాక స్పిరిట్ దూదితో రుద్దాను కూడా. ఇన్సులిన్ ఇచ్చాక రుద్దకూడదని పాఠంలో ఉంది. నేను చదివాను కూడా. చదివింది తలలో ఉంది, చెయ్యి మాత్రం తెనాలిలోనే ఉంది.

టీచరు నాకంటే పన్నెండేళ్లు చిన్నది. "నేనిది ఆరేళ్లు చేశానమ్మా" అని నోటి దాకా వచ్చింది. అనలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

పెద్దవయసులో చదువంటే అందరూ జ్ఞాపకశక్తి గురించే అడుగుతారు. "ఈ వయసులో బుర్రకెక్కుతుందా?" అని. ఎక్కుతుంది. కాకపోతే అక్కడ ఇదివరకే కూర్చున్నవి కొన్ని లేవనంటాయి. ఇరవయ్యేళ్ల పిల్లలకు లేనిదీ, మనకు దండిగా ఉన్నదీ అదే. "నాకు తెలుసు" అనే ధీమా.

ఈ కోర్సు సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో దీన్ని ప్రాక్టికల్ నర్సింగ్ అంటారు. పాసైనవాళ్లు ఎల్‌పీఎన్‌లు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో మాత్రం వొకేషనల్ నర్సు, అంటే ఎల్‌వీఎన్ అంటారు. పని ఒకటే. హైస్కూల్ చదువు చాలు, కోర్సు సుమారు ఏడాది. అది అయ్యాక ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష. అది దాటితే లైసెన్సు. ఎక్కువమందికి నర్సింగ్ హోముల్లో, క్లినిక్‌లలో, ఇళ్లకు వెళ్లి చూసే ఏజెన్సీల్లో పని దొరుకుతుంది. పెద్ద నర్సు, అంటే ఆర్‌ఎన్, లేదా డాక్టరు పర్యవేక్షణలో చేయాలి. మన దేశంలో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసి వచ్చినవాళ్ల దారి వేరు. వాళ్లు నేరుగా ఆర్‌ఎన్ పరీక్షకు ప్రయత్నించాలి గానీ ఇటు రానక్కర్లేదు. నాలాగా బీకాం చేసి, పెళ్లయి, పిల్లల వెనక పదిహేనేళ్లు తిరిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

చేరేముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఆ స్కూలుకు రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం ఉందో లేదో బోర్డు జాబితాలోనే చూడండి, స్కూలువాళ్ల మాట మీద కాదు. హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు గానీ, పని అనుమతి లేనిదే ఉద్యోగం చేయకూడదు. ఫీజు కట్టాక ఈ సంగతి తెలుసుకుని ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక చదవడం. మొదటి పరీక్షకి పుస్తకం నాలుగుసార్లు చదివాను. డిగ్రీలో అలాగే చదివాం కదా. రంగుల పెన్నుతో గీతలు గీశాను, పేజీ పసుపు పూసిన గడపలా తయారైంది. మార్కులు 68. మా స్కూల్లో 75 రాకపోతే ఫెయిలు. చదివినదంతా తెలిసినట్టే అనిపించింది, ప్రశ్న చూస్తే మాత్రం ఏదీ పైకి రాలేదు.

దీని మీద రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది, పుస్తకం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. విచిత్రమేమిటంటే, బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. మళ్లీ అదే జబ్బు, "నాకు తెలుసు".

అప్పట్నుంచి పుస్తకం మూయడం మొదలుపెట్టాను. రాత్రి అంట్లు తోముతుంటే మా అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగేది. తనకి పద్నాలుగేళ్లు, అమ్మని ఫెయిల్ చేయడంలో ఉన్న సంతోషం ఇంకెందులోనూ ఉండదు. మందుల పేర్లకు మాత్రం మన వ్యాకరణమే అక్కరకొచ్చింది. చిన్నప్పుడు డు, ము, వు, లు అని విభక్తులు వల్లించినవాళ్లం కదా. మందులకీ ప్రత్యయాలున్నాయి. చివర "ఒలాల్" వస్తే గుండె వేగం తగ్గించేది, ఇచ్చేముందు నాడి చూడాలి. "ప్రిల్" వస్తే బీపీ మందు, కొందరికి పొడి దగ్గు తెస్తుంది. "స్టాటిన్" వస్తే కొలెస్టరాల్‌ది, కండరాల నొప్పులుంటే పట్టించుకోవాలి. వందల పేర్లు పాతిక ముప్పై ప్రత్యయాల కింద సర్దుకున్నాయి.

లెక్కల్లో మనకి లోటు లేదు. ఎక్కాలు వచ్చినవాళ్లం. తోటి పిల్లలు కాలిక్యులేటర్ వెతుక్కునేలోపు నేను జవాబు చెప్పేదాన్ని. అక్కడా ఒకసారి బోల్తాపడ్డాను. డిజాక్సిన్ 0.25 మిల్లీగ్రాములు ఇవ్వాలి, ఉన్న మాత్ర 125 మైక్రోగ్రాములది, ఎన్ని మాత్రలు? రెండు. నేను హడావిడిలో మిల్లీని, మైక్రోని కలిపేసి, తప్పు జవాబు రాశాను. లెక్క వచ్చిన చెయ్యికే తొందరెక్కువ. ఆ తర్వాత ప్రతి లెక్కలోనూ ముందు కొలమానం రాసి, కింద గీత గీసి, అప్పుడే అంకెల జోలికి వెళ్లాను. పేషెంటు బరువు పౌన్లలో కనబడితే 2.2తో భాగించి కిలోలు చేయనిదే ముందుకు కదలలేదు.

ఎన్‌క్లెక్స్ ఇంకో రకం. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం ఐదు గంటలు. మీ జవాబును బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్న ఎంచుతుంది. మార్కులు చెప్పరు, పాసో ఫెయిలో అంతే. "ఈ జబ్బు లక్షణాలేమిటి?" అని తిన్నగా అడగదు. నలుగురు పేషెంట్లను చూపించి, ముందు ఎవరి దగ్గరికి వెళతావంటుంది. నేను ఎప్పుడూ నొప్పితో అరుస్తున్నవాడి దగ్గరికి వెళ్లేదాన్ని. ఇంట్లో చేసేది అదేగా, ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్లని ముందు ఎత్తుకుంటాం. సరైన జవాబు మూలన పడుకుని, చప్పుడు లేకుండా ఎగశ్వాస తీస్తున్న మనిషి. అరిచేవాడికి ఊపిరి ఉంది కాబట్టే అరుస్తున్నాడు. ఇది ఒంటబట్టడానికి నాకు వందల ప్రశ్నలు పట్టింది. తప్పు చేసిన ప్రతి ప్రశ్నకీ సరైన జవాబు రాసుకోవడం మాని, నేను ఆ తప్పు జవాబు ఎందుకు ఎంచానో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పుడు చూస్తే, అందులో నర్సింగ్ కంటే నా స్వభావమే ఎక్కువ కనిపిస్తుంది. సగం చోట్ల "నేనే చేసేద్దామనుకున్నాను" అని ఉంది.

అన్నీ నేనే చేసేయాలనే ఈ అలవాటు మానడం ఇల్లాలికి కష్టం. పదిమంది వంట ఒంటిచేత్తో చేసినవాళ్లం, ఎవరినైనా అడగడం నామోషీ. ఈ ఉద్యోగంలో అడగకపోవడమే నేరం. పేషెంటు మాట తేడాగా ఉందనిపిస్తే ఆర్‌ఎన్‌కి చెప్పాలి, రాత్రి రెండైనా డాక్టరుకి ఫోన్ చేయించాలి. క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర చేసే ప్రాక్టికల్స్) రోజుల్లో నేను "ఇది నాకు రాదు, ఒకసారి చూపిస్తారా" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. నవ్వకండి. ఇంటికీ అదే వర్తించింది. తెల్లవారుజామున ఐదింటికి లేచి వంటంతా చేసి క్లినికల్స్‌కి వెళితే, మధ్యాహ్నానికి చార్టింగ్ చేస్తూ కునుకుపాట్లు. రెండో నెలలో మా ఆయనకి కుక్కర్ అప్పజెప్పాను. మొదటి వారం అన్నం ముద్దయింది. తిన్నాం. ఏడాదిపాటు పెళ్లిళ్లకీ, పేరంటాలకీ రానని మొహమాటం లేకుండా చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు, ఇప్పటికీ దెప్పుతారు.

ఇప్పుడు నర్సింగ్ హోములో రాత్రి షిఫ్ట్ చేస్తున్నాను. మందు ఇచ్చే ప్రతిసారీ మనిషిని రెండు రకాలుగా పోల్చుకోవాలి, పేరు ఒకటి, పుట్టినతేదీ ఒకటి. ఏడాదిగా చూస్తున్న మనిషైనా సరే. మా వార్డులో ఒక పెద్దాయన మొదట్లో విసుక్కునేవాడు, నిన్న చెప్పానుగా అనేవాడు. ఇప్పుడు నేను తలుపు తీయగానే, అడగకముందే తేదీ చెప్పేస్తాడు. అయినా కంప్యూటర్‌లో ఉన్న ఫొటో వంక ఒకసారి, ఆయన మొహం వంక ఒకసారి చూస్తాను. ఆ తర్వాతే సిరంజి తీసి, గీత పైకి చదువుతాను.