కళాయి పూత చదువు, జంషెడ్‌పూర్ కొలువు

ఇత్తడి గిన్నెకు కళాయి వేయడం చూశారా? గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి గుడ్డతో తిప్పితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. నవాసారం లేకపోతే ఎంత రుద్దినా తగరం ఉండలు కట్టి జారిపోతుంది. లోహం మీది ఆక్సైడు పొర తొలగితేనే కరిగిన తగరం దాన్ని తడుపుతుంది. ద్రవం ఎప్పుడు పరుచుకుంటుందో, ఎప్పుడు ముడుచుకుంటుందో 1805లో థామస్ యంగ్ స్పర్శ కోణంతో, అంటే ద్రవం అంచు తలంతో చేసే కోణంతో, వివరించాడు.

ఇదే పని మీద జంషెడ్‌పూర్ గోల్మురిలో ఒక పెద్ద కర్మాగారమే నడుస్తోంది. 1920లో పుట్టిన టిన్‌ప్లేట్ కంపెనీ ఇప్పుడు టాటా స్టీల్‌లో కలిసింది. నూనె డబ్బాలకు వాడే రేకు తయారయ్యేది అక్కడే. తొలినాళ్లలో ఉక్కు రేకును కరిగిన తగరంలో ముంచేవారు. ఇప్పుడు కరెంటుతో పూత ఎక్కించి, 232 డిగ్రీలు దాటించి క్షణకాలం కరిగించి, వెంటనే నీళ్లలో చల్లారుస్తారు. ఆ పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్ లోపే ఉంటుంది.

జింకు పూతలో పని ఇంకా కష్టం. 460 డిగ్రీల జింకు తొట్టిలోంచి పైకి లేచే రేకు ద్రవాన్ని వెంట లాక్కొస్తుంది. వేగం పెరిగితే పొర మందమెక్కుతుంది. అందుకే సన్నటి చీలికలోంచి గాలి కొట్టి ఎక్కువైన జింకును కిందికి దించుతారు. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల పూత అంటే ఒక్కో వైపు ఎనిమిది మైక్రాన్లకు కాస్త ఎక్కువ. కార్లకు వాడే గట్టి ఉక్కులోని మాంగనీసు, సిలికాన్ జింకు తొట్టికి ముందుండే కొలిమిలో పైకి తేలి ఆక్సైడుగా మారితే అక్కడ జింకు పట్టదు. నవాసారం కథే మళ్లీ! ఈ ఒక్క చిక్కు మీదే ఒక ఇంజినీరు జీవితకాలం పనిచేయవచ్చు.

ఇవన్నీ నేర్పే మెటలర్జీ సీటును మన పిల్లలు చాలామంది వేరే దారి లేక తీసుకుంటారు. అది తప్పని నా గట్టి నమ్మకం. వరంగల్ ఎన్ఐటీ, ఐఐటీ హైదరాబాద్, ట్రిపుల్ ఐటీలుగా మనం పిలుచుకునే ఆర్జీయూకేటీల్లో ఈ బ్రాంచి ఉంది. జంషెడ్‌పూర్‌లోనే చదవాలంటే జేఈఈ మెయిన్‌తో అక్కడి ఎన్ఐటీలో చేరవచ్చు. మన రాష్ట్రాల కాలేజీలకైతే డిప్లొమా వారికి ఈసెట్ ఉంది. పరిశోధన ఇష్టమైతే 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ ప్రయోగశాల ఆ ఊరి బర్మామైన్స్‌లోనే ఉంది. ఎంఎస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ వారు కూడా సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. హిందీ మాత్రం నేర్చుకోండి, కర్మాగారంలో పనివాళ్లతో మాట్లాడాల్సింది అందులోనే. ఊరు పరాయిదన్న బెంగ అక్కర్లేదు. తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

ఉద్యోగ ఇంటర్వ్యూలో 'పూత ఎందుకు పట్టలేదు?' అని అడిగితే సూత్రంతో మొదలుపెట్టకండి. శుభ్రత, ఆక్సైడు, వేడి, వేగం వరుసగా ఎలా పరిశీలిస్తారో చెప్పండి. ఈ సెలవుల్లోనే కడిగిన గాజు పలక మీద, నూనె రాసిన స్టీలు పళ్లెం మీద ఒక్కో నీటిబొట్టు వేసి, పక్కనుంచి ఫోన్‌తో ఫొటో తీసి, స్పర్శ కోణం కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కు ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.